లెక్క కుదిరేదాకా

నా షాపు బోర్డు మీద ‘ఇక్కడ కంప్యూటర్లు బాగుచేయబడును’ అని ఉంటుంది. మా పెద్దమ్మ రోజూ మధ్యాహ్నం భోంచేసి, గొడుగు చంకలో పెట్టుకుని వచ్చి, ఆ బోర్డు కింద కాసేపు ఆగి, “నా వంతు ఎప్పుడొస్తుందే?” అని అడిగి మరీ లోపలికొస్తుంది. షాపు పెట్టిన రోజు నుంచీ ఇదే జోకు. మొదట్లో నవ్వేదాన్ని. తర్వాత విసుక్కునేదాన్ని. ఇప్పుడు “మోకాళ్లు మా దగ్గర బాగుచెయ్యం” అని ఒక జవాబు తయారుగా పెట్టుకున్నాను.

లోపలికొచ్చాక ఫ్యాను కింద ఉన్న ఒకే ఒక్క మంచి కుర్చీలో కూర్చుంటుంది. అది నిజానికి పని మీద వచ్చేవాళ్ల కోసం వేసిన కుర్చీ. వాళ్లు నిలబడే ఉంటారు. పెద్దమ్మ వాళ్ల చేతుల్లోని పెట్టెను, జ్వరమొచ్చిన పిల్లాణ్ని చూసినట్టు చూసి పరామర్శ మొదలుపెడుతుంది.

“ఏమైంది దీనికి?”

“ఉన్నట్టుండి ఆగిపోయిందండీ. పొద్దుట్నుంచీ బాగానే పనిచేసింది.”

“పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా చేసి ఆగిపోయిందా! నేను కంప్యూటర్‌గా ఉన్నప్పుడు పొద్దున కూర్చుంటే దీపాలు వెలిగించేదాకా లేచేదాన్ని కాదు. ఉన్నట్టుండి ఆగిపోవడం అన్న మాటే లేదు.”

అప్పుడు వచ్చినాయన నా వంక ఒక చూపు చూస్తాడు. ఆ చూపు నాకు కంఠతా వచ్చు. పాపం పెద్దావిడకి మతి చలించినట్టుంది అని దాని అర్థం. నాకు ఒళ్లు మండుతుంది. చేతిలోని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, “ఆవిడ నిజంగానే కంప్యూటరండీ. మీరు తెచ్చింది ఆవిడ పేరు పెట్టుకున్న పెట్టె. ముందు దీని ఫ్యాన్లో బిస్కెట్ పొడి ఎలా పడిందో చెప్పండి” అంటాను. బిస్కెట్ మాట ఎత్తగానే వాళ్లకి మతి సంగతి గుర్తుండదు.

కానీ నేను చెప్పింది అక్షరాలా నిజం. కంప్యూటర్ అన్నది మొదట మనిషికి ఉన్న పేరు. లెక్కలు వేయడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లని అలా పిలిచేవాళ్లు, టైలర్, డ్రైవర్ అన్నట్టే. యంత్రాలు పుట్టకముందు కొన్ని వందల ఏళ్లు ఆ మాట మనుషులదే. మా పెద్దమ్మ రేవు ఆఫీసులో కంప్యూటర్. వచ్చే ఏడాది ఏ రోజు, ఏ వేళకి, పోటు నీళ్లు ఎంత ఎత్తు లేస్తాయో ముందే లెక్కగట్టి చెప్పడం ఆవిడ పని. చంద్రుడి లాగుడు ఇంత, సూర్యుడి లాగుడు ఇంత, రేవు వంపు వల్ల ఇంత అని ఒక్కొక్కటీ విడిగా తీసి, అన్నీ కూడి, అడుగుల్లోకీ అంగుళాల్లోకీ దించేది. అది తప్పితే ఓడ అడుగు ఇసుకలో దిగబడిపోతుంది.

ఆవిడ గది తలుపు మీద ఇత్తడి బోర్డు ఉండేదట, ‘కంప్యూటర్’ అని చెక్కి. ఆ ఆఫీసుకి యంత్రం వచ్చిన రోజున వడ్రంగి వచ్చి ఆ బోర్డు ఊడదీసి, యంత్రం పెట్టిన గది తలుపుకి బిగించాడు. “మేకులు కూడా కొత్తవి కొనలేదే. నా తలుపువే పీక్కెళ్లారు” అని పెద్దమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. ఆ నవ్వులో బాధ ఎక్కడైనా ఉందేమో అని చాలాసార్లు వెతికాను. లేదు. బోర్డు పోయినందుకు ఆవిడ ఎప్పుడూ బాధపడలేదు. ఆవిడ బాధ వేరే ఉందని నాకు ఈమధ్యే తెలిసింది.

ఆ ఆఫీసులో వరండాకి ఎడమవైపు ఒక గది, కుడివైపు ఒక గది. ఎడమగదిలో పెద్దమ్మ. కుడిగదిలో ఇంకొకావిడ. ఆవిడని పెద్దమ్మ ఎప్పుడూ ‘కుడిగది’ అనే అంటుంది. ఆవిడకీ పెద్దమ్మ ‘ఎడమగది’. ఆ కుడిగది ఆవిడ మా పక్క సందులోనే, ఒక మేడ మీద ఉంటుంది. ఇద్దరూ ఒకే బండి దగ్గర కూరలు కొంటారు, ఒకే డాక్టరుకి చూపించుకుంటారు, సాయంత్రం ఒకే రోడ్డు మీద నడుస్తారు. కానీ మాట్లాడుకోరు. నలభై ఏళ్ల పైమాట, ఒకరితో ఒకరు ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. ఎదురుపడితే తల ఊపుకుని తప్పుకుంటారు.

ఎందుకు మాట్లాడుకోరు అన్నదానికి వీధిలో ఎవరికి తోచిన కథ వాళ్లు చెబుతారు. ఒకావిడ మొగుణ్ణి ఇంకొకావిడ తన్నుకుపోయిందన్నది వాటిలో బాగా నిలబడ్డ కథ. మా పెద్దమ్మ పెళ్లే చేసుకోలేదు. వీధికి ఆ చిన్న విషయం అడ్డం రాలేదు.

తమాషా ఏమిటంటే, మాట్లాడుకోరే గానీ కబుర్లు మాత్రం ఆగవు. నా షాపు పక్కనే టైలర్ బాబాయ్ షాపు. ఒకే అరుగు, రెండు తలుపులు. ఇద్దరి కబుర్లూ ఆయన నోటి మీదుగానే నడుస్తాయి.

“తమ్ముడూ, కుడిగది ఆవిడొస్తే చెప్పు, నిన్న కట్టుకున్న ఆకుపచ్చ చీర ఆవిడకి ఏం నప్పలేదని.”

సాయంత్రం ఆవిడ వస్తుంది. కాసేపటికి బాబాయ్ నా తలుపులోంచి తల పెట్టి, “అక్కగారూ, ఎడమగది ఆవిడని కళ్లజోడు మార్చుకోమన్నారు, అది నీలం అట” అంటాడు.

“దగ్గు తగ్గిందా లేదా అడగమన్నానే?”

“తగ్గిందట. మీరు పంపిన మందు చేదుగా ఉందట. అయినా తాగారట.”

పెద్దమ్మ మొహం వెలిగిపోయేది. ఈ రాయబారాలు మోయలేక ఆయన “కుట్టుమిషను కంటే నా నోరే ముందు అరిగేలా ఉంది అమ్మాయ్” అని నా దగ్గర మొత్తుకునేవాడు. నేనూ తలపట్టుకునేదాన్ని. పగ అంటే పగలా ఉండాలి. దగ్గు మందు పంపుకునే పగ నేనెక్కడా చూడలేదు.

ఒకరోజు టైలర్ బాబాయ్ చేతిలో టేపు అలాగే పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. “ఈ నెలాఖరుకి ఖాళీ చేసేస్తున్నానమ్మా. ఊరికి ఆ చివర అల్లుడు పెద్ద షాపు తీశాడు, ఇద్దరం కలిసి కుడదాం రమ్మంటున్నాడు” అని చెప్పాడు. నేను సంతోషించాను. పెద్దమ్మ కూడా సంతోషించింది, ఆయన్ని దీవించింది, కొత్త చోట అద్దం పెద్దది పెట్టమని సలహా కూడా ఇచ్చింది.

మర్నాడు పెద్దమ్మ వచ్చింది గానీ బోర్డు కింద ఆగలేదు. నా వంతు ఎప్పుడని అడగలేదు. వచ్చి కుర్చీలో కాకుండా స్టూలు మీద కూర్చుంది. ఎవరో ఆగిపోయిన పెట్టె పట్టుకొస్తే ఏమైందని కూడా అడగలేదు. ఆ మర్నాడూ అంతే. ఇన్నేళ్లు ఆ జోకుతో విసిగి చచ్చిన నేను, మూడోరోజు దాని కోసం గుమ్మం వంక చూస్తున్నాను.

“ఏమైంది పెద్దమ్మా?”

“బాబాయ్ వెళ్లిపోతే ఇక కుడిగదికి ఏదైనా చెప్పాలంటే ఎలాగే?”

“నోటితో” అన్నాను.

“కుదరదు.”

“ఎందుకు కుదరదు? ఏం పగ అంత? నలభై ఏళ్లయింది, ఇక చాలు, వదిలెయ్యండి!”

పెద్దమ్మ నన్ను వింతగా చూసింది. “పగేంటి? మా మధ్య పగ ఉందని నీకెవరు చెప్పారు? లెక్క కుదరలేదు, అందుకని మాట్లాడుకోవడం లేదు.”

అప్పుడు చెప్పింది అసలు సంగతి.

రేవు ఆఫీసులో ప్రతి లెక్కనీ ఇద్దరు వేసేవాళ్లట. ఎడమగదిలో ఒకరు, కుడిగదిలో ఒకరు, ఎవరికి వాళ్లు విడిగా. ఇద్దరూ చీటీలు రాసి పంపితే, పెద్దగుమాస్తా వాటిని పక్కపక్కన పెట్టి సరిచూసేవాడు. ఒకటే అంకె ఉంటే “కుదిరింది” అని పెద్దగా అరిచేవాడు. లేకపోతే “కుదరలేదు” అని ఎవరి చీటీ వాళ్లకి తిప్పి పంపేవాడు. అవతలి అంకె ఎంతో చెప్పేవాడు కాదు, చెబితే దానికి తగ్గట్టు సర్దుకుంటారని. కుదిరేదాకా ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. అదీ నియమం. దాహమనో, కిటికీ వేయమనో చెప్పుకోవాలంటే బంట్రోతు చేత చెప్పించుకోవాలి. “కుదిరింది” అన్న కేక వినపడగానే ఇద్దరూ తలుపులు తోసుకుని వరండాలోకి వచ్చి, పొద్దుట్నుంచీ దాచుకున్న కబుర్లన్నీ ఒక్కసారి విప్పేవాళ్లు.

“ఆ కేక కోసమే గబగబా లెక్కలు వేసేదాన్నే” అంది పెద్దమ్మ. “ఓడల కోసం అనుకునేవాళ్లు పైవాళ్లు.”

చివరి లెక్క ఆ మరుసటి ఏడాది ఆఖరి పౌర్ణమి పోటుది. ఇద్దరూ చీటీలు పంపిన సమయానికే యంత్రాన్ని మెట్ల మీదుగా పైకి ఎక్కిస్తున్నారట. పెద్దగుమాస్తా ఆ హడావిడిలో రెండు చీటీలూ వరండాలో బల్ల మీద పడేసి, “కుదరలేదు” అని గొణిగి, యంత్రానికి తోవ చూపించడానికి పరిగెత్తాడు. వీళ్లిద్దరూ తలుపులు తీసుకుని బయటికొచ్చారు. చీటీలు బల్ల మీద వెల్లకిలా పడి ఉన్నాయి. పెద్దమ్మది పదకొండు అడుగుల నాలుగు అంగుళాలు. కుడిగదిది పదకొండు అడుగుల ఏడు. ఇంతలో పైఅధికారి వచ్చి, ఇక మీరు లెక్కలు వేయనక్కర్లేదు, అన్నీ అదే చేస్తుంది అన్నాడు.

“ఆవిడ నా చీటీ చూసింది. నేను ఆవిడది చూశాను. లెక్క కుదరలేదు కాబట్టి మాట్లాడుకోలేదు. సంచులు తీసుకుని ఆవిడ కుడిమెట్లు దిగింది, నేను ఎడమమెట్లు దిగాను.”

“ఆ తర్వాత?”

“మొదట్లో పంతం. నాదే రైటని నాకు నమ్మకం, ఆవిడదే రైటని ఆవిడకి. ఆ తర్వాత అలవాటైపోయింది. ఇంకా తర్వాత ఎలా మొదలుపెట్టాలో తెలియలేదే. అన్నేళ్లు మాట్లాడకుండా ఉన్నాక మొదటి మాట ఏం మాట్లాడతావు? ఆవిడ లేని లోటు నాకు రోజూ ఉంది. మా అమ్మ పోయినప్పుడు కూడా ముందు ఆవిడకే చెప్పాలనిపించింది.”

ఏడుపు రావాల్సిన చోట నాకు కోపమొస్తుంది, నా తత్వం అది.

“యంత్రం ఎంత చెప్పింది ఆ పోటుకి? ఎక్కడో అచ్చేసి ఉంటారుగా, చూస్తే తేలిపోయేదిగా!”

“అది ఒక్కతే కూర్చుని చెప్పింది. జత లేని లెక్క ఒక లెక్కా?”

“పోనీ ఆ రోజు వచ్చినప్పుడు సముద్రం దగ్గరికి వెళ్లి చూడాల్సింది!”

“గాలి గట్టిగా వీస్తే నీళ్లు ఎక్కువ లేస్తాయి. సముద్రం మాట నమ్మడానికి లేదు.”

నేను చేతులెత్తేశాను. “అయితే ఇద్దరూ ఇప్పుడు వెయ్యండి! ఆ రేవు అంకెలు నిద్రలో లేపి అడిగినా చెబుతావుగా!”

“వెయ్యొచ్చు. సరిచూసేదెవరు? పెద్దగుమాస్తా ఏనాడో పోయాడు. మాలో మేము సరిచూసుకోకూడదు.”

“నేను చూస్తాను.”

పెద్దమ్మ నన్ను పైనుంచి కిందికి కొలిచింది. ఉద్యోగానికి వచ్చినవాళ్లని చూసే చూపు అది. “నీకు కోపం ఎక్కువ. సరిచూసే మనిషికి కోపం పనికిరాదు. పెద్దగుమాస్తా రోజూ పొద్దున మా ఇద్దరి చేతా ఒక మాట పలికించేవాడు. లెక్క వేసేవాళ్లు తప్పు చెయ్యొచ్చు, సరిచూసేవాళ్లు అబద్ధం చెప్పకూడదు అని. గుర్తుంటుందా?”

“ఉంటుంది.”

“ఆవిడ ఒప్పుకోదులే” అంది. అని, గొడుగు తీసుకుని లేస్తూ, “ఇంకా ఆ ఏడు దగ్గరే ఉందేమో కనుక్కో” అంది.

ఆ సాయంత్రమే కుడిగది ఆవిడ మేడ ఎక్కాను. బాల్కనీలో కుండీల మధ్య కూర్చుని, చిన్న కత్తెరతో ఎండు కొమ్మలు తీసేస్తోంది. నేను ఎవరో తెలుసు, కానీ ఎప్పుడూ ఇంటికి వెళ్లలేదు. నన్ను చూడగానే కంగారుపడింది.

“మీ పెద్దమ్మకి ఒంట్లో బాగానే ఉందా?”

“బాగానే ఉంది అత్తయ్యగారూ. లెక్క గురించి వచ్చాను.”

ఏ లెక్క అని అడగలేదు. కత్తెర ఒళ్లో పెట్టుకుంది. నేను చెప్పిందంతా విని, పక్కనున్న కుండీని దగ్గరికి లాక్కుంది.

“ఆ కంప్యూటర్ అనే మాట ఎక్కడ్నుంచి వచ్చిందో తెలుసా నీకు? లాటిన్ మాట. ఉద్యోగం పోయాక ఊరికే ఉండలేక పెద్ద నిఘంటువు తీసి చూశాను. ‘కమ్’ అంటే కలిసి. ‘పుతారే’ అంటే లెక్కవేయడం. అంతకు ముందు ఆ ‘పుతారే’కి కొమ్మలు కత్తిరించి శుభ్రం చేయడం అని అర్థమట, ఇదిగో ఇలా.” ఒక ఎండు రెమ్మ తుంచి చూపించింది. “రెండూ చేస్తున్నాను నేను, ఇన్నేళ్లూ. ఆ ‘కలిసి’ అన్న ముక్క ఒక్కటే లేదు.”

“అయితే వస్తారా?”

“ఆవిడ ఇంకా ఆ నాలుగు దగ్గరే ఉందా?”

“నాకు తెలీదండీ. నేను సరిచూసేదాన్ని. అవతలి అంకె చెప్పకూడదు.”

ఆవిడ మొహం మీదికి నవ్వొచ్చింది. “పనికొస్తావు” అంది.

టైలర్ బాబాయ్ సామానంతా తరలించేశాక, షాపులు మూసి ఉండే రోజున ముహూర్తం పెట్టుకున్నాం. అరుగుకి ఎడమవైపు నా షాపు, కుడివైపు ఖాళీ అయిన బాబాయ్ షాపు. గుడ్డలు కత్తిరించే పెద్ద బల్ల ఒక్కటే మిగిలింది అక్కడ, కొత్తచోట తలుపులో పట్టలేదని వదిలేశాడు. దాని మీద ఇంకా సుద్దగీతలున్నాయి, నేల మీద రంగురంగుల దారం ముక్కలున్నాయి. కుడిగది ఆవిడ ముందే వచ్చి అక్కడ కూర్చుంది. తర్వాత పెద్దమ్మ వచ్చి నా బల్ల మీది స్క్రూల డబ్బాలన్నీ పక్కకి నెట్టించి కూర్చుంది. ఇద్దరికీ చెరో కట్ట తెల్లకాగితాలు, చెరో పెన్సిలు, చెరో రబ్బరు. రెండు తలుపులూ మూశాను. బాబాయ్ ఈ పని మీదే ఊరి ఆ చివరి నుంచి వచ్చాడు, బంట్రోతు వేషం తప్పదన్నాడు.

అరుగు మీద నేనూ ఆయనా కూర్చున్నాం. కాసేపటికి ఎడమ తలుపు వెనక నుంచి, “తమ్ముడూ, ఆవిడకి వెలుతురు సరిపోతోందా కనుక్కో” అని వినపడింది. ఇంకాసేపటికి కుడి తలుపు వెనక నుంచి, “ఆవిడ మోకాలు చాపుకోవడానికి స్టూలు వేశారా?” అని. మిగతా అంతా పెన్సిలు చప్పుడు. మధ్యమధ్య రబ్బరు చప్పుడు. నా షాపులో ఇన్ని యంత్రాలు విప్పాను, ఒకదాని లోపల కూర్చున్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు. ఆరోజు అనిపించింది.

ఇద్దరూ అటూ ఇటుగా ఒకేసారి చీటీలు మడిచి తలుపు కింది నుంచి తోశారు. నేను అరుగు మీద కూర్చుని, బాబాయ్ కూడా చూడకుండా, రెంటినీ పక్కపక్కన పెట్టి విప్పాను.

ఒకదాని మీద పదకొండు అడుగుల నాలుగు. ఒకదాని మీద పదకొండు అడుగుల ఏడు.

నలభై ఏళ్ల తర్వాత కూడా అవే రెండు అంకెలు! ఇద్దరిలో ఒక్కరైనా కదలరా? ఏం మనుషులు వీళ్లు? పెద్దమ్మ స్టూలు మీద కూర్చున్న ఆ మూడురోజులూ కళ్లముందు తిరిగాయి. ‘కుదరలేదు’ అని చెబితే ఇద్దరూ చెరో వైపు మెట్లు దిగి వెళ్లిపోతారు. ఇక మధ్యలో టైలర్ కూడా ఉండడు. కోపం ముంచుకొచ్చి రెండు చీటీలూ చింపేద్దామని చెయ్యి బిగించాను.

అప్పుడు కనిపించింది. నాలుగు వేసిన చీటీ కుడి తలుపు కింది నుంచి వచ్చింది. ఏడు వేసినది నా షాపులోంచి వచ్చింది. అది పెద్దమ్మ రాత, నాకు బాగా తెలుసు.

పెద్దమ్మ తన నాలుగు వదిలేసి ఆవిడ ఏడు రాసింది. ఆవిడ తన ఏడు వదిలేసి పెద్దమ్మ నాలుగు రాసింది. ఇద్దరూ దిగొచ్చారు. దిగొచ్చి మళ్లీ ఒకరికొకరు దొరక్కుండా పోయారు.

నియమం ప్రకారం ఇప్పుడు నేను ఒకే ఒక్క మాట అనాలి. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. కానీ నాకున్న కోపం మంచిదో చెడ్డదో నాకు తెలీదు, ఆ నిమిషంలో అది పెద్దగుమాస్తా మీదికి తిరిగింది. ఆ రోజు ఆ రెండు చీటీలనీ బల్ల మీద పడేసి పోయిన మనిషి మీదికి. నేను అరుగు మీద లేచి నిలబడి, వీధంతా వినపడేలా అరిచాను.

“కుదిరింది!”

రెండు తలుపులూ దభాలున తెరుచుకున్నాయి. డెబ్బై దాటిన ఇద్దరు ఆడవాళ్లు అంత వేగంగా రావడం నేనెప్పుడూ చూడలేదు. పెద్దమ్మ మోకాళ్లు ఏ మరమ్మతూ లేకుండానే బాగైపోయాయి. అరుగు మధ్యలో ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని అలా నిలబడిపోయారు. ఇద్దరి వేళ్లకీ పెన్సిలు మసి.

మొదటి మాట ఏం మాట్లాడతారో అని నేను ఒకడుగు దగ్గరికి జరిగాను.

“ఆ నీలం నీకు నప్పలేదే” అంది పెద్దమ్మ.

“నీ మందు చేదే” అంది కుడిగది ఆవిడ.

ఇక ఇద్దరూ నవ్వడం, ఏడవడం, మళ్లీ నవ్వడం. బాబాయ్ టీ తెస్తానని వెళ్లిపోయాడు, కళ్లు తుడుచుకోవడానికి ఆయనకొక వంక కావాలి. నేను చీటీలు రెంటినీ మెల్లగా జేబులోకి తోసేస్తున్నాను.

“పోనీలేవే, చివరికి నీ లెక్కే నిలబడింది” అంది పెద్దమ్మ ప్రేమగా.

“నాదెక్కడ? నీదే కదా రైటు” అంది ఆవిడ.

“నాదా? నేను రాసింది ఏడు.”

“నేను రాసింది నాలుగు.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“నీకు ఏడొచ్చిందా నిజంగా?” అని ఆవిడ నెమ్మదిగా అడిగింది.

“లేదు. నాలుగే వచ్చింది. రెండుసార్లు వేశాను. అయినా ఏడు రాశాను” అంది పెద్దమ్మ. “నీకు?”

“ఏడే వచ్చింది. చెరిపేసి నాలుగు రాశాను.”

రాని అంకెని వచ్చిందని రాయడం ఆ ఉద్యోగంలో అన్నిటికంటే పెద్ద తప్పు. వీళ్లు బతుకంతా చెయ్యని తప్పు అది. ఒకరి కోసం ఒకరు చేశారు, ఒకే రోజు, ఒకే అరుగు మీద. నాకు వాళ్లిద్దర్నీ గట్టిగా కౌగిలించుకోవాలనిపించింది.

అంతలో రెండు తలలూ నా వైపు తిరిగాయి.

“మరి కుదిరిందన్నావేంటే?” అంది పెద్దమ్మ.

“అదేంటి, మీరిద్దరూ దొంగ అంకెలు రాసి నన్నంటారా!” అన్నాను. నాకూ రోషం ఉండదా?

ఇద్దరూ నడుం మీద చెయ్యి వేసుకుని, వేలు చూపించి, ఒకేసారి అందుకున్నారు.

“లెక్క వేసేవాళ్లు తప్పు చెయ్యొచ్చు, సరిచూసేవాళ్లు అబద్ధం చెప్పకూడదు!”

ఒక్క అక్షరం ముందూ వెనకా లేదు. గొంతు పెంచిన చోటు కూడా ఒకటే. టీ గ్లాసులతో వస్తున్న బాబాయ్ మెట్టు మీదే ఆగిపోయాడు. నేను ఎడమవైపు చూశాను, కుడివైపు చూశాను. రెండు జవాబుల్నీ మనసులో పక్కపక్కన పెట్టి సరిచూశాను.

“కుదిరింది” అన్నాను. ఈసారి నిజమే చెప్పాను.